కోళ్లు గుర్తుపట్టిన గొంతు

ఆ రోజుల్లో, వీధిలో అందరూ షెడ్డు పిన్ని అని పిలిచే ఆవిడ ఇంట్లో కూడా పాదాలు నేలకు రాసుకుంటూనే నడిచేది. మోకాళ్ల నొప్పులనుకునేరు, అదేం కాదు. పదిహేడేళ్లు మాంసం కోళ్ల షెడ్డులో పనిచేసిన అలవాటది. అక్కడ అడుగెత్తి వేస్తే కోడి మీద పడుతుంది, అంత కిక్కిరిసి ఉంటాయి. పాదం నేలమీదే ఉంచి మెల్లగా తోసుకుంటూ, నాలుకతో "చ్చొ... చ్చొ..." అని చప్పుడు చేసుకుంటూ పోవాలి. ఆ చప్పుడుకు కోళ్లు లేచి దారిస్తాయి. పిన్ని అదే ధోరణిలో వంటింట్లోంచి ముందుగదిలోకి వస్తుంటే, బస్సు డ్రైవరుగా రిటైరైన బాబాయి రెండు కాళ్లూ కుర్చీమీదికి లాక్కుని, "లేచానే తల్లీ, లేచాను! నన్ను అప్పుడే పక్కన పెట్టేయకు" అనేవాడు.

షెడ్డులో పక్కన పెట్టడమంటే వేరే సంగతి. పొద్దున్నే పిన్ని షెడ్డు ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడవాలి. లేచిన కోడి లేచినట్టు. లేవని కోడిని పట్టుకుని మెడ మెలిపెట్టి బకెట్లో వేయాలి. కోడిపిల్లలుగా ఉన్నప్పుడు లేవనివి తక్కువే. ముప్పై రోజులు దాటాకే వరసగా కూలబడతాయి. నలభై రోజుల్లో అమ్మకానికి రావాలని పుట్టించిన జాతి అది. ఒళ్లు పెరిగినంత జోరుగా కాళ్లు పెరగవు. మేత మానకుండా ఉండాలని దీపాలు ఆర్పరు. పాపం వాటికి రాత్రంటే ఏమిటో తెలియదు, ఎండా తెలియదు. కిందనున్న పొట్టులో రెట్ట నాని, ఆ ఘాటుకు కళ్లు మండిపోతాయి. పిన్నికే అలా మండితే, ముక్కు నేలకు జానెడెత్తులో ఉన్నవాటి సంగతేమిటి?

ఈ మాట ఎవరైనా అడిగితే పిన్ని తేలిగ్గా తీసిపారేసేది. "కోడికి అంత ఆలోచన ఎక్కడిదమ్మా! తింటుంది, రెట్ట వేస్తుంది" అనేది. ఆదివారం ఆవిడ వండిన కోడికూర వాసనకు వీధిలోవాళ్లంతా ఏదో వంక పెట్టుకుని తలుపు తట్టేవాళ్లు. బాబాయికైతే ఆ పూట ఎవరొచ్చినా గిట్టేది కాదు.

ఆ షెడ్డుకొక కట్టుబాటుంది. లోపలికి నీలం కోటు వేసుకునే వెళ్లాలి. గుడ్డులోంచి వచ్చిన మర్నాటినుంచీ ఆ పిల్లలకు కనిపించే మనిషి నీలంగానే ఉంటుంది. వేరే రంగు కనబడితే బెదిరిపోతాయి. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది పిన్నే. అలాంటిది, వానలు పట్టిన ఒక వారం రెండు నీలం కోట్లూ ఆరలేదు. కూతురు కొనిచ్చిన నారింజరంగు వానకోటు తలుపు వెనక తగిలించి ఉంది. "పదిహేడేళ్ల మనిషిని, నన్నెరగని కోడుందా" అనుకుని అదే తొడుక్కుని వెళ్లింది. కోళ్లకప్పుడు ముప్పై మూడో రోజు.

తలుపు తీసింది. ఒక్క క్షణం షెడ్డంతా చప్పుడాగిపోయింది. తర్వాత తెల్లటి అల లేచినట్టు మొత్తం మంద అవతలి మూలకు పరుగెత్తింది. ఒకదానిమీదొకటి, దానిమీదింకొకటి, గోడకానుకుని మనిషి నడుమెత్తు గుట్ట. పిన్ని పరుగున వెళ్లి రెండు చేతులా పైవాటిని లాగి ఇవతల వేసింది. తను దగ్గరికి పోయినకొద్దీ గుట్ట ఇంకా బిగుసుకుంది. అప్పుడు తట్టింది కోటు సంగతి. పీకి బయటికి విసిరేసి నాలుక కదిపింది. "చ్చొ... చ్చొ..."

గుట్ట సడలింది. పైనున్నవి ఒక్కొక్కటే దిగాయి. తలలు పక్కకు వంచి చూశాయి. కొన్నయితే కుంటుకుంటూ వచ్చి ఆవిడ బూట్ల దగ్గర కూర్చున్నాయి. ఒంటిమీద నీలం లేదు. అయినా వచ్చాయి. అడుగునున్నవి నాలుగు వందలు ఊపిరాడక పోయాయి. వాటినెత్తుతున్నంతసేపూ పిన్ని ఒకటే అనుకుంది: ఆలోచన లేనిదైతే నా గొంతెలా గుర్తుపట్టింది?

ఉద్యోగం ఊడిందనే అనుకుంది. కానీ సూపర్‌వైజరు, ఆవిడ కూతురి ఈడు కుర్రాడు, చిన్నమాట కూడా అనలేదు.

"పోతే పోయాయిలే పిన్నీ. కొన్ని పోతాయని కంపెనీవాళ్లు ముందే అనుకుంటారు. అది సరే, మందంతా నీ చప్పుడుకు ఆగిపోయిందటగా! లోడింగునాడు నడిమధ్యన నిలబడి అలా అంటూ ఉండు. పట్టేవాళ్లకు సులువు, వాటికీ రెక్కలు విరగవు."

రెక్కలు విరగవన్న మాటకు పిన్ని ఒప్పుకుంది. లోడింగంటే ఆవిడ ఎరగనిదా! పట్టేవాళ్లు ఒక్కో చేత నాలుగేసి కోళ్లను కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తి పెట్టెల్లో కుక్కుతారు. బెదిరి కొట్టుకుంటే ఎముకలు విరుగుతాయి. వారం తర్వాత సాయంత్రం దీపాలు తగ్గించారు. పిన్ని నీలం కోటుతో మధ్యన నిలబడి నాలుక కొట్టింది. కోళ్లు కొట్టుకోలేదు. ఆవిడ చుట్టూ చేరాయి. చేరినవాటిని చేరినట్టే ఆవిడ కాళ్లదగ్గరినుంచే ఎత్తుకుపోయారు. ఖాళీ అయిన చోటికి ఇంకొన్ని వచ్చాయి. లారీ అంత తొందరగా నిండటం ఎవరూ చూడలేదట. పట్టేవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆ ఆదివారం పిన్ని కోడికూర వండింది. ఉప్పు చూడ్డానికి గరిటె నోటిదాకా తెచ్చి దింపేసింది.

"ఉప్పు లేదేమే?" అన్నాడు బాబాయి.

"చూళ్లేదు."

"చూడకపోవడమేమిటి, కొత్తకోడలివా?"

"ఇకనుంచి వండను కూడా వండను. నన్నడక్కండి."

బాబాయి నవ్వాడు, తర్వాత నవ్వడం మానాడు. వారం రోజులు ముఖం మాడ్చుకుని పప్పు, కూరగాయలు తిన్నాడు. "పదిహేడేళ్లు లేని దయ ఇప్పుడెక్కడినుంచి ఊడిపడిందే?" అని దెప్పాడు. పిన్ని దగ్గర ఉన్నది ప్రశ్నలే. గుడ్ల దుకాణంవాణ్ణి నిలదీసింది: పెట్టలు గుడ్లు పెడతాయి సరే, వాటితోపాటు పుట్టిన పుంజుపిల్లలేమయ్యాయి? పుట్టినరోజే చంపేస్తారని అతనే చెప్పాడు, అదేదో వాతావరణం సంగతి చెప్పినట్టు. పాలవాడినడిగింది: మగదూడలేవయ్యా? అతను సైకిలు గంట మోగించుకుంటూ పోయాడు. ఇంట్లో గుడ్డు ఆగింది, కొన్నాళ్లకు పాలూ ఆగాయి. బాబాయి పాలు లేని టీ తాగుతూ, "ఇది టీనా, గిన్నెలు కడిగిన నీళ్లా?" అన్నాడు. తాగడం మాత్రం మానలేదు. ఆదివారం మధ్యాహ్నాలు వీధి చివరి హోటలు వైపు షికారుకెళ్లి మూతి తుడుచుకుంటూ వచ్చేవాడు.

షెడ్డులోకి కొత్త పిల్లలొచ్చాయి. పిన్ని ఈసారి ఆ చప్పుడు చేయకుండా నడిచింది. అవి లేచేవి కావు, వంగి ఒక్కొక్కదాన్నీ చేత్తో లేపేది. మూడుగంటల పని ఆరుగంటలయింది. విషయం సూపర్‌వైజరుకు చేరింది. అతను ఒక సాయంత్రం ఇంటికే వచ్చాడు. పిన్ని బఠాణీకాయలు ఒలుస్తోంది.

"నడుం పట్టేసిందని విన్నాను. నువ్వు షెడ్డులోకి రాకపోయినా ఫరవాలేదు పిన్నీ. ఈ ఫోన్లో ఒక్క నిమిషం ఆ చప్పుడు చేసిచ్చావంటే చాలు. నాలుగు షెడ్లలో స్పీకర్లు పెట్టిస్తాను. నీకు గేటుదగ్గర కూర్చునే పని ఇప్పిస్తాను."

ఫోను మీట నొక్కి బఠాణీల గిన్నె పక్కన పెట్టాడు. పిన్ని దానివైపు చూసింది. తను పోయాక కూడా ఆ డబ్బా చ్చొచ్చొ అంటూనే ఉంటుంది. ఏ పిల్ల పుట్టినా దాన్ని నమ్ముతుంది, లారీ దగ్గరికి నడిచొస్తుంది. ఆవిడ పెదాలు బిగించుకుని కాయ ఒలిచింది. నిమిషం గడిచింది. బాబాయి దగ్గాడు.

"పిన్నీ," అన్నాడు సూపర్‌వైజరు, "ఎలాగూ పోయే జీవాలేగా. నీ గొంతుంటే భయపడకుండా పోతాయి. అది మంచిది కాదా?"

ఈ మాటకే పిన్ని చెయ్యి ఆగింది. ఎందుకంటే అందులో కొంత నిజముంది.

"రెక్కలు విరక్కూడదంటే నెమ్మదిగా పట్టమని మీవాళ్లకు చెప్పు బాబూ. లారీ నింపే తొందర తగ్గించు. అది భయపడాల్సిన చోటు. అక్కడ భయం లేదని వాటికి చెప్పేది నేనవను. ఒకసారి చెప్పాను, చాలు."

"అయితే గేటు పని కూడా ఉండదు మరి."

"తెలుసు నాయనా."

లోపలికెళ్లి ఉతికి మడతపెట్టిన రెండు నీలం కోట్లూ తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను ఫోను జేబులో వేసుకుని, చెప్పులు తొడుక్కున్నాడు. "నడుం చూపించుకో పిన్నీ" అనేసి వెళ్లిపోయాడు.

పదిహేడేళ్ల ఉద్యోగం అలా తలుపు దాటిపోవడం బాబాయి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కొచ్చి ఎదురుగా కూర్చుని ఒక కాయ అందుకున్నాడు. గింజలు తొక్కల్లోనూ, తొక్కలు గిన్నెలోనూ వేస్తుంటే పిన్ని ఏరి సర్దింది.

"ఏమే, ఇవి ఇద్దరికి చాలవు" అన్నాడు ఆఖరికి. "ఆదివారానికి ఇంకో కిలో తెస్తాలే."