సీతారామయ్య గారి ముక్కు, ముహూర్తబలం

తెనాలిలో సబ్‌రిజిస్ట్రారుగా రిటైరైన సీతారామయ్య గారికి మిషిగన్ రాష్ట్రం, ట్రాయ్‌లో కొడుకింటికి వచ్చిన రెండో నెలలోనే ప్రమోషన్ వచ్చింది. పంచాంగం చూడటం వచ్చిన మనిషి చుట్టుపక్కల మరొకరు లేకపోవడంతో, కారు కొన్నా, పిల్లకి చెవులు కుట్టించినా, వీసా కాగితాలు పంపినా జనం ఆయన్ని అడక్కుండా అడుగేసేవారు కాదు. ఆయన శాసనాల్లో మొదటిది తుమ్ముకు సంబంధించినది. బయల్దేరే వేళ ఎవరైనా తుమ్మితే, ఎంతటివాడైనా సరే కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి, ఆ తర్వాతే గడప దాటాలి.

మే నెల వచ్చింది. ట్రాయ్‌లోని చెట్లన్నీ కూడబలుక్కుని తమ పుప్పొడిని ఆయన ముక్కుకే బట్వాడా చెయ్యసాగాయి. పొద్దున్న ఎనిమిది కొట్టే లోపల పదిహేను తుమ్ములు. కోడలు జయంతి చెప్పులు వేసుకున్నప్పుడల్లా ఒకటి. ఆ వారం ఆమె మూడు రోజులు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లింది.

“మీటింగ్‌లో ఏం చెప్పమంటారు మామయ్య గారూ? మా మామగారు తుమ్మారు, నీళ్లు తాగి జాయిన్ అయ్యాననా?”

“శాస్త్రం మీ మేనేజర్ని అడిగి రాయలేదమ్మా.”

అసలు గండం దగ్గర్లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంది. కొడుకు స్నేహితులు ఫణి, అలేఖ్య దంపతుల గృహప్రవేశం మూడు వారాల్లో, శనివారం పది గంటల పద్దెనిమిది నిమిషాలకు. ముహూర్తం పెట్టింది ఆయనే. పెద్దరికానికి దేవుడి పటం పట్టుకుని ముందు నడవాల్సిందీ ఆయనే. గడప మీద తుమ్మారా, నూటపాతిక మంది సాక్షిగా ఆయన ముహూర్తాన్ని ఆయన శాసనమే కొట్టేస్తుంది. ఆ తర్వాత ఈ ఊళ్లో ఆయన్ని వంకాయల ధర కూడా ఎవరూ అడగరు.

జయంతి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు, రాయబోయే మందు కళ్లకి పడుతుందో లేదోనని, కంట్లో నీటికాసులనే గ్లాకోమా, శుక్లాలు ఏమైనా ఉన్నాయా అని అడిగి, లేవన్నాక ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే రాశాడు. ఒక్కో వైపు రెండేసి సార్లు, రోజుకొక్క పూట, తుమ్ములున్నా లేకున్నా మానకూడదు. గుణం కనిపించడానికి వారం, రెండు వారాలు పట్టవచ్చు అన్నాడు. స్టెరాయిడ్ అనగానే కండలు పెరుగుతాయేమోనని సీతారామయ్య గారు రెండు రోజులు అద్దంలో భుజాలు చూసుకున్నారు. పెరగలేదు.

నలభై ఏళ్లు నశ్యం పీల్చిన మనిషికి ముక్కు గురించి ఎవరో చెప్పాలా? ఆయన తల వెనక్కి వాల్చి, కుడిచేత్తో అటు రెండు, ఇటు రెండు కొట్టి, వీధి చివరికి వినపడేలా పీల్చేవారు. మందు ముక్కుని పలకరించకుండానే గొంతులో తీర్థంలా దిగిపోయేది. తుమ్ములు ఒక్కటీ తగ్గలేదు. ఆరో రోజున కుడి ముక్కులోంచి నెత్తురు వచ్చింది.

“ఈ మందు నాకు అచ్చిరాలేదు,” అని తీర్పు చెప్పారు.

జయంతి డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసింది. రెండు రోజులు ఆపి, సరిగ్గా కొట్టుకోవడం నేర్చుకుని మళ్లీ మొదలుపెట్టమన్నారు. మళ్లీ నెత్తురొస్తే వచ్చి చూపించమన్నారు. నేర్పే పని పదకొండో తరగతి చదివే మనవరాలు వేద మీద పడింది. మందుతో వచ్చిన కాగితం ఆ ఇంట్లో మొదటిసారి మడత విప్పుకుంది.

“తాతా, తల కిందకి కొంచెం బెండ్ చెయ్యి. మెల్లగా పీల్చు, సూప్ లాగా కాదు. రైట్ సైడ్‌కి లెఫ్ట్ హ్యాండ్.”

“ఎడమచేత్తో మందు పుచ్చుకోమంటావా?”

“నువ్వు రైట్ హ్యాండ్‌తో రైట్ సైడ్ కొడితే మందు మధ్యలో వాల్‌కి తగులుతుంది తాతా. అందుకే బ్లడ్ అటే వచ్చింది. చెవి వైపు కొట్టాలి.”

“ఎడమచేత్తో నేను ఆశీర్వచనం చెయ్యను, అక్షింతలు వెయ్యను, మందూ పుచ్చుకోను.”

వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న ఆయన భార్య గౌరి తలెత్తలేదు. “ముక్కు చీదేది ఏ చేత్తోనండీ?”

సీతారామయ్య గారు కాఫీ చివరి చుక్క దాకా తాగారు. తాగి, ముక్కు వ్యవహారాలు అనాదిగా ఎడమచేతి సరిహద్దుల్లోనే ఉన్నాయని, ఆ మాట శాస్త్రం తెలిసినవాళ్లెవరికీ కొత్త కాదని ప్రకటించారు. మూడో రోజు నుంచి ఎడమవైపుకి కుడిచెయ్యి, కుడివైపుకి ఎడమచెయ్యి. తలుపు మాత్రం వేసుకునేవారు.

గృహప్రవేశం నాడు ఫణి ఇంటి ముందు ఓక్ చెట్టు పుప్పొడి రాలుస్తోంది. పది గంటల పదిహేడు నిమిషాలకు ఆయన ముక్కుపుటాలు ఒకసారి అదిరాయి. జయంతి మంచినీళ్ల సీసా మూత తీసింది. ఆయన కళ్లు మూసుకుని, తెరిచి, కుడికాలు లోపల పెట్టారు. ఏమీ రాలేదు.

భోజనాల దగ్గర ఫణి చేతులు జోడించాడు. “అంకుల్, ఇంత పోలెన్‌లో ఒక్క తుమ్ము లేదు. ఎలా?”

“ముహూర్తబలం నాయనా,” అన్నారు సీతారామయ్య గారు, పులిహోర కలుపుకుంటూ.

“ఆ బలం సీజనయ్యేదాకా రోజూ పొద్దున్నే కొట్టుకోవాలిట,” అంది గౌరి. “రేపు మానేరు.”