సితారా కింది డప్పు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, కోవూరు దాటాక సముద్రం వైపున్న ఒక పల్లె చర్చికి నన్ను డ్యూటీ వేశారు. అప్పుడు నేను మ్యూజియం శాఖలో సీనియర్ కన్సర్వేటర్ని. పాత బొమ్మలు పాడవకుండా చూడటం నా పని. చర్చి వేదిక వెనక చెక్క మీద దావీదు రాజు బొమ్మ ఉంది, చేతిలో సితారాతో. ఉప్పుగాలికి రంగు పెచ్చులు లేస్తోంది.

మా పనిలో మొదట ‘కిటికీ’ తెరుస్తాం. అంటే ద్రావకంలో ముంచిన దూదితో రెండంగుళాల మేర పై రంగు తీసి, కింద ఏముందో చూడటం. సితారా దగ్గర తెరిస్తే డప్పు అంచు బయటపడింది. మంచి బొమ్మను ఎవడో చెడగొట్టాడని నాకు ఒళ్లు మండింది. ‘అనవసరపు పైపూత, తొలగించవచ్చు’ అని రిపోర్టు పంపేశాను. వారంలో అనుమతి వచ్చింది.

చర్చి సంఘంలో యువకుల నాయకుడు ప్రకాష్ సంబరపడ్డాడు. అతనికొక డప్పు దళం ఉంది, ఊరూరా స్టేజీల మీద వాయిస్తారు. “డప్పంటే ఇప్పుడు మాకు గౌరవం సార్. దాన్ని దాచిందెవరో గానీ, సిగ్గుమాలిన పని” అన్నాడు.

బెంచీలో కూర్చున్న సువార్తమ్మగారు, రిటైరైన నర్సు, లేచి వచ్చారు. “దాచింది మా నాయిన” అన్నారు.

నెల్లూరు నుంచి వచ్చిన చిత్రకారుడు దావీదుకు నమూనాగా ఆమె తండ్రినే, ఆయన డప్పుతో సహా కూర్చోబెట్టాడట. ఊళ్లో ఎవరు పోయినా ఆ డప్పు కొట్టక తప్పని మనిషి ఆయన. చిత్రకారుడికి అది అందంగా కనిపించింది. కొన్నేళ్లకు ఆ తండ్రే రంగు తెచ్చుకొని డప్పు మీద సితారా వేశాడు.

“జరంతో ఉన్నా ఈడ్చుకోని పోయి కొట్టించినారబ్బాయ్. నువ్వు వాయిస్తే చప్పట్లు కొడతారు. ఆయన రానంటే తన్నినారు. చర్చిలోనన్నా అది తన చేతిలో వద్దనుకున్నాడు” అని ప్రకాష్‌తో చెప్పి, నా వైపు తిరిగారు. “మొకం ఆయనది, రంగు ఆయనది. తీసేదానికి నువ్వెవరయ్యా?”

నాకు తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ల సర్వీసులో రంగుల వయసు తేల్చాను గానీ, ఆ రంగు వేసినవాళ్ల పిల్లలు పక్కనే ఉన్నారేమోనని ఒక్కచోటా అడగలేదు.

ప్రకాష్ బొమ్మ దగ్గరకొచ్చి, కిటికీలో కనిపిస్తున్న డప్పు అంచు చూశాడు. తర్వాత “మూసెయ్యండి సార్” అన్నాడు. ఫొటో తీసి ఫైల్లో పెట్టి, కావాలంటే తుడిచేయగల రంగుతో మూసేశాను. పెచ్చులు మాత్రం అతికించాను. నా రిపోర్టు తప్పని డిప్యూటీ డైరెక్టరుకు నేనే రాసి, మెమో తెచ్చుకున్నాను.

నేర్చుకున్నది ఇంతే. కింద ఉన్నదే అసలు బొమ్మ కానక్కర్లేదు. పై రంగు ఎవరు వేశారో, ఎందుకు వేశారో ఊళ్లో అడగందే దూది తడపకూడదు.