గ్రేసీ తూకం

మా తోటికోడలు గ్రేసీ ఏం ఉద్యోగం చేస్తుందని మల్కాజ్‌గిరిలో ఎవరడిగినా నాకు చిరాకే. చెబితే నమ్మి చస్తేగా! ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక చిన్న కంపెనీ సముద్రంలోకి దించే యంత్రాలు తయారుచేస్తుంది. ఆ యంత్రం నీళ్ళలోకి శబ్దం పంపుతుంది. నీళ్ళలో తేలే మట్టికి తగిలి ఎంత శబ్దం తిరిగొస్తే అంత మట్టి ఉన్నట్టు లెక్క. ఆ లెక్క సరిచూడటం గ్రేసీ పని. డ్రమ్ములో మంచినీళ్ళు పోసి, తూచిన మట్టి కలిపి, యంత్రాన్ని ముంచి చూస్తుంది.

మొన్న వానాకాలం ఓ రేవు నుంచి ఫిర్యాదు వచ్చింది. అక్కడి నీళ్ళు వడకట్టి తూస్తే వచ్చిన మట్టికంటే యంత్రం బాగా ఎక్కువ చూపిస్తోందట. కంపెనీ యజమాని హేమచంద్ర అందరి ముందూ కేకలేశాడు.

"మట్టి తూకం వేయడం కూడా రాదా అమ్మా నీకు? సోమవారానికి తేల్చు. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాను."

ఇన్నేళ్ళ చాకిరీకి ఇదా మర్యాద! ఆ రాత్రి ఇంటికొచ్చి గ్రేసీ నాకంతా చెప్పింది.

"తూకం తప్పలే అక్కా. నాకు ఎర్క," అంది. రేవువాళ్ళని బతిమాలి, ఒక డబ్బాడు సముద్రపు నీళ్ళు బస్సులో తెప్పించి ఇంట్లో పెట్టుకుంది.

ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి డబ్బాలో నీళ్ళు తేటగా మెరుస్తున్నాయి. మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోనే ఉండిపోయిన మా అత్తగారు ఎలీసబెతమ్మ మురిసిపోతూ చెప్పింది.

"ఒట్టి బురదేనే తల్లీ! పటిక ముక్క తిప్పాను. ఎంత బాగా తేరుకున్నాయో చూడు."

గోదావరి ఒడ్డున పెరిగిన మనిషి, బురద నీళ్ళు చూస్తే ఊరుకోగలదా?

"ఏం జేసిన్రు అత్తమ్మా!" గ్రేసీ కూలబడిపోయింది. ముసలావిడ బిక్కచచ్చిపోయింది. నాకు ఇద్దరినీ చూసి ఏడుపొచ్చింది.

కాసేపటికి గ్రేసీ లేచి డబ్బా కదిపింది. మట్టి విరిగిన పాలలా ముద్దలు ముద్దలుగా లేచింది. గ్రేసీ నా వైపు తిరిగింది.

"అక్కా, ఉప్పు సుత గిట్లనే చేస్తదా?"

రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు పోసి మట్టి కలిపాం. ఒకదాంట్లో ఉప్పు వేశాం. ఉప్పు గ్లాసులో మట్టి ముద్దకట్టి దిగిపోయింది. రెండోది మురికిగానే ఉంది.

సోమవారం గ్రేసీ డ్రమ్ములో ఉప్పు కలిపింది. అదే తూకం మట్టి వేస్తే యంత్రం రేవులో చూపినట్టే ఎక్కువ చూపింది. సముద్రపు ఉప్పుకి ముద్దకట్టిన మట్టి నుంచి శబ్దం గట్టిగా తిరిగొస్తుందన్నమాట.

హేమచంద్ర ఆమెని గదిలోకి పిలిచి, గొంతు తగ్గించి, "నీ తూకం సరిగ్గానే ఉందమ్మా. మంచినీళ్ళు పోయమన్నది నేనే," అన్నాడట.

"నన్ను తిట్టింది అందరి ముందు గద సార్. గిది సుత అందరి ముందే చెప్పుండ్రి."

అతను బయటికొచ్చి చెప్పాడు. అంతవరకూ బిగబట్టుకున్న మా గ్రేసీ, ఆ డ్రమ్ము పక్కనే కూర్చుని, అందరి ముందూ భోరున ఏడ్చిందట.