సర్దారు గురువు పటం

పోయిన మంగళవారం ఎమ్మిగనూరు నుంచి మనిషి వచ్చి మా మరిది పోయాడని చెప్పాడు. మూడు రోజులే జ్వరమట. ఎవరికి ఏమవుతుందోనని రోజూ భయపడే మనిషిని నేను. ఆ మూడు రోజులూ ఆయన గురించి మాత్రం భయపడలేదు. నాకు తెలియదు కదా.

మరిది పటాలు వేసేవాడు. పక్కన గుడ్డ ఉన్నా కుంచె ఎడమచేతికే తుడుచుకునేవాడు. "కడుక్కో నాయనా, రంగు విషమంట" అంటే, "తినేది కుడిచేత్తో కదా వదినా" అనేవాడు.

నాలుగేళ్ల కిందట, ఆయన ఆదోనిలో మా ఇంట్లోనే ఉన్నప్పుడు, పత్తి లారీ నడిపే సిక్కు సర్దారు ఒకాయన వచ్చాడు. దేశం రెండైనప్పుడు వాళ్లమ్మ అన్నీ వదిలేసి తమ గురువు పటం ఒక్కటే ఒళ్లో దాచుకుని తెచ్చుకుందట. అది మడతల దగ్గర చిరిగింది. ఆమెకు చూపు పోతోంది. "పూర్తిగా పోకముందే పెద్దగా ఏసియ్యి భాయ్" అన్నాడు.

మరిది నెల రోజులు వేశాడు. తెల్లగడ్డం, తలపాగా, చేతిలో జపమాల. కళ్లు మాత్రం చివరన, స్నానం చేసివచ్చి వేశాడు. ఆరడానికి నడవలో గోడకు ఆనించాడు.

మరునాడు శుక్రవారం. ఇంట్లో పటాలన్నిటికీ కుంకుమ పెడుతూ, పెట్టకపోతే ఏం కీడోనని ఆ గురువుకూ పెట్టాను. రంగు పచ్చిగా ఉంది. తుడవబోతే ఎరుపు కనుబొమ్మ దాకా సాగింది.

అప్పుడే సర్దారు వచ్చాడు. నేను తలుపు వెనక్కి పోయాను. ఆయన పటం ముందు వంగి చూశాడు.

"మా గురువుకు బొట్టు పెట్టరు భాయ్. అమ్మకు ఇది ఎట్ల చూపించాలె?"

వదిన పెట్టిందని ఒక్క మాట అనొచ్చు. మరిది అనలేదు.

"తప్పు నాదప్పా. పచ్చి పటం ఆడ పెట్టినా. మా ఇండ్లల్ల యా పటం కనపడినా బొట్టు పెడతారు, ముందే సెప్పల్ల నేను. కూసో, నీ ముందరే తీస్తా."

కత్తి మొనతో రంగు గీకి, నుదురూ కనుబొమ్మా మళ్లీ వేశాడు. సర్దారు పాత పటం పక్కన పెట్టి చూసుకుని, "ఇదే మొహం" అన్నాడు. తర్వాత తలుపు వైపు తిరిగి, "బయటికి రా అమ్మా. మొక్కినావు, తిట్టలేదు కదా" అన్నాడు.

"వచ్చే శుక్రవారం కుంకుమ భరిణె దాసిపెడతా వదినా" అన్నాడు మరిది.

నన్ను కాపాడిన మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

సర్దారు ఆరేదాకా ఆగలేనన్నాడు. పటం మోసేవాళ్లు చెప్పులు వదలాలి, తల కప్పుకోవాలి అన్నాడు. మరిది భుజం మీది తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. పటాన్ని ఆకాశం వైపు తిప్పి, చెరో పక్క పట్టుకుని, లారీ ఆగి ఉన్న జిన్నింగు మిల్లు దారిలో వట్టికాళ్లతో నడిచారు. మిల్లు నుంచి దూది ఎగిరి వస్తోంది. అది పచ్చిరంగుకు అంటుకోకుండా మరిది రెండో చేత్తో ఆ మొహం మీద విసురుతూ పోయాడు.