ఆర్విల్ రాయని చరిత్ర పరీక్ష

నెబ్రాస్కాలో మా ప్లాట్‌నర్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఆడిన ప్రతి కుర్రాడి తలా చీకట్లో తడిమి, పేరుతో సహా చెప్పగలడు ఆర్విల్ టెష్. సరే, ప్రతి తలా కాదు. కవలలు చేరిన ఏడాది తడబడ్డాడు. చీకటీ కాదు, గదిలో దీపం వెలుగుతోంది. కళ్లు మూసుకున్నాడన్నది మాత్రం నిజం.

ఆర్విల్ ఏనాడూ మైదానంలో ఆడినవాడు కాదు. ఆటగాళ్లకు హెల్మెట్లు బిగించడం, భుజాల తొడుగులు సరిచేయడం, బురద బట్టలు ఉతకడం అతని పని. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే. సామాన్ల గదికి పెద్ద కావాలన్నదే అతని కోరిక. మా దగ్గర జట్టు ఓడితే కోచ్ పోతాడు. కొత్త కోచ్ పెళ్లికొడుకులా సొంత మనుషులను వెంటేసుకొని దిగుతాడు. అలా మూడుసార్లు ఆ కుర్చీ పరాయివాళ్లకు పోయింది. ఈసారి కోచ్ కదల్లేదు, గది పెద్దే రిటైరయ్యాడు. ఆర్విల్ టై కట్టుకుని దరఖాస్తు పట్టుకెళ్లాడు.

కోచ్ డెనీన్ కాగితం చూసి, డిగ్రీ గడి ఖాళీగా ఉందేమని అడిగాడు.

ఆర్విల్ నసుగుతూ చెప్పుకొచ్చాడు. చదువుకునే రోజుల్లోనే ఇక్కడ బట్టలుతికేవాడు. మిగిలింది ఒక్క చరిత్ర పరీక్ష, అదీ శుక్రవారం. శనివారం పక్క రాష్ట్రం వయోమింగ్‌లో ఆట, లారీ ముందురోజే బయల్దేరాలి. సామాన్ల లారీ నడిపేవాడు మరొకడు లేడు. నువ్వు బండెక్కు, మాస్టారితో నేను మాట్లాడతానన్నాడు అప్పటి కోచ్. ఆట ఓడారు. సోమవారానికల్లా కోచ్‌ను తీసేశారు. మాస్టారితో ఎవరూ మాట్లాడలేదు. మరుసటేడు రాద్దామనుకుంటే, మరుసటేడూ ఆటలే.

"పెద్దాయనా, ఈ గది నిలబడింది నీ వల్లే. కానీ రూలు నేను పెట్టింది కాదు కదా" అన్నాడు డెనీన్. "కుర్చీ మా బావమరిది ట్రెంట్‌కి ఇస్తున్నారు. వాడికి డిగ్రీ ఉంది, పని రాదు. కాస్త నేర్పు."

"ఎన్నాళ్లు?"

"వాడికి వచ్చేదాకా."

ఆర్విల్ నేర్పాడు. జుట్టు తడిపాకే హెల్మెట్ కొలవాలని, లేకపోతే చెమట పట్టగానే గిర్రున తిరుగుతుందని పదిసార్లు చెప్పాడు. ట్రెంట్ పొడి తలల మీదే బిగించాడు. మర్నాడు తెల్లారకముందే వచ్చి ఆర్విల్ అన్నీ విప్పి మళ్లీ బిగించాడు. ట్రెంట్ చెయ్యి మంచిదని డెనీన్ అందరి ముందూ మెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం భోజనశాలలో డార్లీన్ అతని పళ్లెంలో చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల పులుసు పోసి, పక్కన దాల్చినచెక్క రొట్టె పెట్టింది. ఆమెది కూడా అక్కడ ఇరవయ్యేళ్ల కొలువు.

"ఏమయ్యా ఆర్వీ, నీ కుర్చీని నువ్వే తుడిచి వాడికి వేస్తున్నావటగా? ఒక్క పరీక్షకి ఇంత శిక్షా?"

ఆర్విల్ రొట్టె తుంచి చిల్లీలో ముంచాడు.

"ఏ కుర్చీ? నేనసలు దరఖాస్తే పెట్టలేదు."

"టై కట్టుకుని వెళ్లావని ఊరంతా..."

"నాకు టై లేదు. నేను ఏ పరీక్షా ఎగ్గొట్టలేదు. ఎవరో నీకు కట్టుకథ చెప్పారు, డార్లీన్. అందులో ఒక్క ముక్కా నిజం కాదు."