తాళాలక్క నంబరు ఎక్కడ?

తాళాలక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాన్ని దాచుకునే అలవాటు ఆవిడకు లేదు. వీధి మలుపులో రెండు దుకాణాల మధ్య ఇరుక్కున్న బీరువా అంత గదిలో కూర్చుని ముప్ఫై ఏళ్ళుగా తాళంచెవులు అరగదీస్తోంది. గోడ నిండా మేకులు, ప్రతి మేకుకూ చెవుల గుత్తులు. పని నేర్పింది తండ్రి. ఆడపిల్ల చేతికి ఆకురాయేమిటని అప్పట్లో నవ్విన ఇరుగుపొరుగు ఇళ్ళ తలుపులన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆవిడే తీయాల్సి వచ్చింది. తీసినప్పుడల్లా ఆ నవ్వు సంగతి గుర్తు చేయకుండా వదిలేది కాదు.

దుకాణానికి బోర్డు లేదు. షట్టరు మీద తండ్రి నల్లరంగుతో రాసిన ఫోన్ నంబరు ఉండేది. ఒక్కో అంకె మూరెడు. వీధి అవతలి నుంచి కళ్ళజోడు లేకుండా చదవొచ్చు. తలుపు బయట నిలబడిపోయినవాడు కంగారులో ఉంటాడు, వాడితో వెతికించకూడదని ఆయన అనేవాడు.

అలాంటి షట్టరుకు నీలం రంగు పూయించి, దాని మీద వెబ్‌సైటు పేరు రాయించినవాడు మరిది, అంటే చెల్లెలి మొగుడు. అద్దాల తలుపున్న ఆఫీసు పెట్టుకుని చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు తయారు చేస్తాడు. మనిషి మంచివాడే. కాకపోతే ఏది చేసినా మెరవాలి.

"వదినా, ఇంకా రంగు డబ్బాల కాలంలోనే ఉంటే ఎలా? నీకు అదిరిపోయే సైటు చేసి పెడతా, చూస్తూ ఉండు" అన్నాడు.

తప్పంతా అతని మీదకు తోసేస్తే అన్యాయం. తండ్రి ఫోటో పెద్దదిగా కావాలని పట్టుబట్టింది తాళాలక్కే. కొంచెం పెద్దది, ఇంకొంచెం పెద్దది అంటూ తెర మొత్తం ఆయన మొహమే అయ్యేదాకా ఊరుకోలేదు. తాళం తెరుచుకున్న చప్పుడు కావాలన్నదీ ఆవిడే. సైటు తెరిస్తే ముందు నల్లటి తెర, అందులో బంగారు తాళం ఒకటి నింపాదిగా గిర్రున తిరుగుతుంది. టక్కుమంటుంది. తర్వాత తండ్రి మొహం మెల్లగా తేలుతుంది. ఆయన గడ్డం కింద "తాళం వేయడంలో నలభై ఏళ్ళ అనుభవం, అధునాతన భద్రతా పరిష్కారాలు" అని మరిది రాసిన వాక్యం. మరిది ఆఫీసులో పెద్ద తెర మీద అది చూసి తాళాలక్కకు కళ్ళు చెమర్చాయి. తాళం వేయడమేమిటి, మనం తీసేవాళ్ళం కదా అని అడగడం కూడా మరిచిపోయింది.

తర్వాత రెండు నెలలు ఫోన్లు తగ్గాయి. జనానికి మతిమరుపు తగ్గిందేమో అనుకుందావిడ.

ఓ ఉదయం ఒకావిడ దుకాణం ముందుకొచ్చి, సంచిలోంచి వంగిపోయిన గడియ తీసి బల్ల మీద పడేసింది.

"తాళాలక్క మీరేనా?"

"నేనే. ఇదెవరు విరగ్గొట్టారమ్మా? ఇంత మొరటుగానా?"

"అది తర్వాత చెప్తా. ముందు మీ నంబరు ఎక్కడుందో మీరే చూపించండి" అని తన ఫోన్ చేతికిచ్చింది.

తాళాలక్క తన సైటును ఫోన్లో చూడటం అదే మొదటిసారి. బంగారు తాళం తిరిగింది, తిరుగుతూనే ఉంది. టక్కుమంది. నాన్న ముక్కు మాత్రం కనిపించింది. తెరను పైకి జరిపింది, ఇంకా జరిపింది. అట్టడుగున విజిటింగ్ కార్డు బొమ్మ, దాని మీద చీమ తలకాయలంత అంకెలు. చివరి రెండూ అంచు అవతలికి పోయాయి. వేలితో నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. అది బొమ్మ మరి.

"మా పాపకు ఆరేళ్ళు" అంది ఆవిడ. "నిన్న బాత్రూంలో గడియ పడిపోయింది. లోపల్నించి ఒకటే ఏడుపు. మీ సైటు దొరికింది, నంబరు దొరకలేదు. వివరాలు నింపమంటే నింపాను, మూడుసార్లు. ఆఖరికి పక్కింటివాళ్ళు ఇనుప కడ్డీతో తలుపు పగలగొట్టారు. చెక్క పేడు ఎగిరి పాప నుదుటికి తగిలింది. నాలుగు కుట్లు. ఇక్కణ్ణించి మా ఇల్లు ఐదు నిమిషాల నడక."

తాళాలక్క ఆ గడియను చేతిలోకి తీసుకుంది. సన్నటి రేకు ముక్కతో అర నిమిషంలో తీయగలిగే గడియ. సిగ్గుతో చచ్చిపోయింది. ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. షట్టరు దించి తిన్నగా మరిది ఆఫీసుకు వెళ్ళింది.

"నింపిన వివరాలన్నీ ఎక్కడికి పోతాయి?"

"నాకే మెయిల్ వస్తుంది వదినా. వారానికోసారి చూస్తుంటాలే."

"ఇప్పుడు చూడు."

నలభై మూడు ఉన్నాయి. తమ పాటల బృందానికి తాళం వేసే మనిషి కావాలని, రిహార్సల్‌కు రాగలరా అని ఒకాయన రాశాడు. మరిది నవ్వబోయి వదిన మొహం చూసి ఆగిపోయాడు. దాని పైన మూడున్నాయి. పది పన్నెండుకు: "పాప బాత్రూంలో ఉంది, గడియ పడిపోయింది, త్వరగా రండి." పది పదిహేనుకు: "దయచేసి రండి." పది పంతొమ్మిదికి: "ఎవరైనా ఉన్నారా?"

మూడింటికీ ఒకే జవాబు వెళ్ళింది, దానంతటదే. "మీ ఆసక్తికి ధన్యవాదాలు. నలభై ఎనిమిది గంటల్లో మిమ్మల్ని సంప్రదిస్తాం."

"తీసెయ్" అంది తాళాలక్క. "మొత్తం తీసెయ్. నంబరొక్కటి పెట్టు."

"వదినా, నీకు దణ్ణం పెడతా. ఆదివారం వర్తక సంఘం సభలో ఉత్తమ వెబ్‌సైటు షీల్డు మనదే. ఒక్క నాలుగు రోజులు ఓపిక పట్టు. నా ఆఫీసు పరువు!"

"నాలుగు రోజుల్లో ఎంతమంది పిల్లలు లోపల చిక్కుకుపోతారో నీకు తెలుసా?"

అతను సైటు ముట్టుకోలేదు. తాళాలక్క బతిమాలలేదు.

ఆదివారం హాలు నిండింది. సంఘం అధ్యక్షుడు షీల్డు పట్టుకుని పిలిస్తే ఆవిడ పని బట్టలతోనే వేదికెక్కింది. షీల్డు అందుకోకుండా మైకు అందుకుంది.

"అందరూ ఫోన్లు తీయండి. మీ ఇంటి తలుపు మూసుకుపోయింది. పసిపిల్ల లోపలుంది. నా సైటు తెరిచి నాకు ఫోన్ చేయండి, చూద్దాం."

హాలంతా టక్, టక్, టక్. తర్వాత వేళ్ళు తెరల మీద జరిగాయి. ఎవరో దగ్గారు. ఆవిడ తన ఫోన్ను మైకు పక్కనే పెట్టి నిలబడింది. రెండు నిమిషాలు గడిచాయి. అది మోగలేదు. ముందు వరసలో మరిది తల వంచుకున్నాడు. అధ్యక్షుడు కూడా తన ఫోన్ మీద వేలు పెట్టి పొడుస్తున్నాడు.

"ఏమ్మా, నంబరెక్కడ?" అన్నాడు చివరికి.

"అదే నేనూ అడుగుతున్నా. మా నాన్న బతికున్నన్నాళ్ళూ తన మొహం ఎక్కడా వేయించుకోలేదండీ. నంబరు రాశాడు. నేను ఆయన మొహం పెట్టి ఆయన నంబరు చెరిపేశాను. ఆ తప్పు నాది. దానికి మీరు షీల్డు ఇస్తామంటున్నారు, ఇది మీ తప్పు. నాకొద్దు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టి ఉంటే ఆవిడకు ఇంకా కోపం వచ్చేది.

ఆ సాయంత్రమే మరిది కిక్కురుమనకుండా సైటు మార్చాడు. తెల్ల పేజీ, "తాళం తీస్తాను. ఫోన్ చేయండి" అన్న ముక్క, దాని కింద నొక్కితే మోగే నంబరు. చూడ్డానికి బోసిగా ఉందని గొణిగాడు. బోసిగానే ఉండనీ అంది వదిన. తండ్రి ఫోటోను దుకాణంలో ఆకురాళ్ళ పైన మేకుకు తగిలించింది. మర్నాడు గరుకు కాగితం తీసుకుని షట్టరు మీద నీలం రంగు గీకుతూ ఉంటే, కింద నుంచి తండ్రి అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

చివరి అంకె సగంలో ఉండగా ఫోన్ మోగింది.

"తాళాలక్కేనా?" చిన్నపిల్ల గొంతు.

"నేనేనమ్మా. ఎక్కడున్నావు? లోపలున్నావా?" అప్పటికే ఆవిడ చెయ్యి పనిముట్ల సంచి మీద ఉంది.

"లేదు, బయటే ఉన్నా. తలుపు తెరిచే ఉంది. నొక్కితే పలుకుతారో లేదో చూడమంది అమ్మ."

తాళాలక్క షట్టరుకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

"పలుకుతానమ్మా" అంది. "ఇంకోసారి నొక్కి చూడు."