ఎదుటి అంచు

నాణేలు సేకరించేవాళ్ళంతా ఆమెని చాటుగా దెబ్బలమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. వంకర నాణెమో సొట్ట నాణెమో పట్టుకుని, ఇక దశ తిరిగిందని మురుస్తూ వచ్చినవాళ్ళకి, భూతద్దం దించి "ఇది దెబ్బండీ, బయట తగిలిందే" అని ముఖం మీదే చెప్పేస్తుంది. టంకశాలలో తయారయ్యేటప్పుడే తప్పు జరిగితే ఆ నాణేనికి గిరాకీ. గేటు దాటాక సుత్తి కిందో లారీ చక్రం కిందో నలిగితే అది నలిగిన నాణెం, అంతే. నూటికి తొంభై తొమ్మిది అలాంటివే. లేనిపోని ఆశ పెట్టుకునేది వాళ్ళు, చివాట్లు మాత్రం ఆమెకి.

మార్కెట్టు మెట్ల కింద ఆమె గది. ఒక బల్ల, మెడ వంచే దీపం, గుడ్డ పరిచిన పళ్ళెం, చిన్న త్రాసు. పొట్టకూటికి చేరిన పని అది. అయినా పాతికేళ్ళుగా ఆ కుర్చీ వదలకపోవడానికి కారణం వేరే ఉంది.

ఆమె తండ్రి టంకశాలలో తూకం పనివాడు. ఆమెకి పదేళ్ళప్పుడు, గేటు దగ్గర సోదాలో ఆయన టిఫిన్ డబ్బాలో ఒక నాణెం దొరికింది. ఒకవైపు అంచు కొరికేసినట్టు నెలవంకంత ముక్క లేదు. తయారీలో చెడిపోయిన నాణేన్ని బయటికి దాటిస్తున్నాడని సూపర్వైజరు రిపోర్టు రాశాడు. తుక్కు బస్తాల తూకం తగ్గుతోందని ఆ నెలలోనే నాన్న ఆ సూపర్వైజరుని నలుగురిలో నిలదీశాడు. విచారణ చేసినవాళ్ళు ఫైళ్ళు తిప్పడం వచ్చిన పెద్దమనుషులు. నాణెం తిప్పి చూడ్డం వాళ్ళకి రాదు. ఉద్యోగం ఊడింది.

"ఎదుటి అంచు చూడండి బాబూ, మీకే తెలుస్తుంది" అని నాన్న విచారణలో మొత్తుకున్నాడు. ఇంటికొచ్చి అదే అన్నాడు, వీధిలో కనపడినవాడితోనల్లా అదే అన్నాడు. మతి చలించిందనుకున్నారు. అమ్మయితే చెవిన పెట్టలేదు. బియ్యం డబ్బాకి కూడా తాళం వేసి, తాళంచెవి నడుముకి కట్టుకుంది. అప్పటినుంచి ఆయన బయటికి వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, జేబులన్నీ బయటికి లాగి చూపించి వెళ్ళేవాడు. మొదటిసారి రోషంతో చేసుంటాడు. తర్వాత అది రోజువారీ పనైపోయింది. లారీ షెడ్డులో కాపలా కాస్తూ పదిహేనేళ్ళు అలా జేబులు చూపించి, ఒక మధ్యాహ్నం పోయాడు. ఆ పదిహేనేళ్ళలో అమ్మ చూడకుండా ఆయన్ని పంపింది ఒక్క రోజు కూడా లేదు.

కూతురు మాత్రం ఏం తక్కువ తింది? బళ్ళో బహుమతిగా వచ్చిన పెన్ను కనపడకపోతే, ముందుగా వెతికింది నాన్న చొక్కా జేబే. ఆయన మంచం మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు.

నాన్న పోయిన ఏడాదికి ఆమె ఈ గదిలో పనికి చేరింది. అప్పటి యజమాని, ముసలి వ్యాపారి, అలాగే అంచు కొరికేసినట్టున్న వేరే నాణేన్ని చేతికిచ్చి "ఎదుటి అంచు చూడమ్మా" అన్నాడు. అచ్చం నాన్న మాటే. ఎందుకో ముసలాయన వివరించాడు. బిళ్ళలు కోసే రేకు ముందుకి కదలకపోతే, కోసే పరికరం ముందటి బిళ్ళ తీసిన రంధ్రం అంచున పడి బిళ్ళకి ఒక ముక్క తగ్గుతుంది. దాన్ని అంచు లేపే యంత్రంలో దొర్లిస్తే, తగ్గిన వైపు ఒత్తిడి ఉండదు కనక సరిగ్గా దానికి ఎదురుగా కూడా అంచు లేవదు, పల్చగా ఉండిపోతుంది. తయారైన నాణేన్ని తర్వాత ఎవడైనా కోస్తే ఎదుటి అంచు నిక్షేపంగా ఉంటుంది. అంటే నాన్న మతి నిక్షేపంగానే ఉంది. కానీ పని తెలిసిన దొంగ కూడా ఆ మాటే అనగలడు. ఆ నాణెం చూస్తేగాని తేలదు.

మొన్న మంగళవారం ఇస్త్రీ చొక్కా మనిషి ఒకడు వచ్చి, బల్ల మీద పాత కవరు పెట్టాడు.

"మా నాన్నగారు మింటులో సూపర్వైజరండీ. ఈమధ్యే పోయారు. బీరువాలో దొరికింది. ఎవడో దొంగవెధవ దాటిస్తుంటే పట్టుకున్నారట. ఒరిజినల్ అని కాయితం రాసిస్తే వేలంలో పెడతాను."

కవరు మీద తేదీ, పనివాడి నంబరు ఉన్నాయి. నాలుగు వందల పదిహేడు. ఆ నంబరు గీసిన టిఫిన్ డబ్బా ఇంట్లో అటక మీద ఇంకా ఉంది.

ఆమె కవరు విప్పి నాణేన్ని పళ్ళెంలో గుడ్డ మీదికి జార్చింది. టంకశాలలో జరిగిన తప్పయితే నాన్న దొంగ. ఉత్త దెబ్బయితే కాదు. ఆ బల్ల దగ్గర ఒకరు దెబ్బ కావాలని ఆశపడటం అదే మొదటిసారి.

దీపం కింద తిప్పింది. ఎదుటి అంచు నిండుగా, చుట్టూ ఎలా ఉందో అక్కడా అలాగే ఉంది. అదొక్కటే కాదు. నాణెం రెండువైపులా చేతులు మారి మారి అరిగిపోయింది, కోత మాత్రం పదునుగా ఉంది. ఏళ్ళ తరబడి బజారు తిరిగిన నాణేన్ని ఎవరో కోసి, ఆకురాయితో గుండ్రంగా రాశారు. రాసి, డబ్బాలో వేశారు.

"దెబ్బండీ" అంది. కోత వైపు వేలుపెట్టి చూపించింది. "బయట కోసిందే."

అతను ముఖం మాడ్చుకున్నాడు. "మా నాన్న ముప్పై ఏళ్ళు అక్కడ చేశారు. ఆయనకి ఆమాత్రం తెలియదంటారా?"

"తెలుసండీ. ఆయనకి బాగా తెలుసు."

అతనికి అర్థం కాలేదు. దొంగ ఎవరో విడమరిచి చెప్పే ఓపిక ఆమెకి లేదు. "మీరే ఉంచుకోండి" అని నాణేన్ని విసిరేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం వంటింట్లో దాన్ని అమ్మ అరచేతిలో పెట్టి అంతా చెప్పింది.  డెబ్భై దాటిన అమ్మ ఎదుటి అంచుని బొటనవేలితో తడుముతూ కూర్చుంది.

"ఇప్పుడెందుకు చెప్పావే?" అంది చివరికి. "దొంగమొగుడని నా ఖర్మ తిట్టుకుంటూ ఎలాగో బతికేశాను. మంచోడిచేత పదిహేనేళ్ళు గుమ్మంలో జేబులు తీయించానని తెలిశాక, ఈ నాలుగు రోజులూ ఎలా బతకమంటావు?"

 నాన్న జేబులో వెతికిన ఆ పెన్ను, అప్పట్లో మర్నాడే కూతురి పుస్తకాల సంచిలో దొరికింది. ఆ సంగతి నాన్నకి చెప్పనేలేదు. ఇవాళ అమ్మకీ చెప్పలేదు.